మాఫీ సారు

ధరూరు తిమ్మప్పకు మీసాలొచ్చినా చదువింకా మెట్రిక్‌లోనే ఉంది. తరగతిలో తలుపు పక్కన, బల్ల కొసన సగం ఒళ్లు ఆనించి కూర్చుంటాడు. పెద్దసారు కేకేయగానే లేచి, పంచె దులుపుకుని, మూడో తరగతికి ఎక్కాలు చెప్పడానికి పోవాలి. అక్కడికి పంతులును పెట్టలేదు, తిమ్మప్ప ఉండగా పెట్టరు కూడా. చెప్పినందుకు జీతం లేదు, బదులుగా అతని ఫీజు మాఫీ చేస్తారు. పిల్లలు అతన్ని ‘మాఫీ సారు’ అంటారు. పెద్దలు ఆ మాఫీని దయ అంటారు. దయ చూపినవాళ్లకేం, సాయంత్రానికి బొంగురుపోయేది తిమ్మప్ప గొంతు. తిరిగొచ్చేసరికి తన పాఠం అయిపోయి, నల్లబల్ల తుడిచేసి ఉంటుంది. సుద్దపొడి అంటిన వేళ్లతోనే పక్కవాడి పుస్తకం అడుక్కుంటాడు.

మొన్న పెద్దసారు అతన్ని పిలిచి, "నీ హాజరు తక్కువుంది. ఇంకొక్క పూట తప్పినా మాఫీ రద్దు. ఖాయిదా గట్లుంది" అన్నాడు.

"మీరు పంపితేనే గద సార్, పోయిన."

"పంపుడు వేరు, ఖాయిదా వేరు."

పంపిన నోరూ, ఖాయిదా చెప్పిన నోరూ ఒకటే.

మర్నాడు తిమ్మప్ప తలుపు పక్కన కూర్చోలేదు. లోపలికి జరిగి, గోడకు వీపు ఆనించి, నిండుగా కూర్చున్నాడు. మూడో తరగతి గోల మిన్నంటింది. పెద్దసారు గుమ్మంలోకొచ్చి, "తిమ్మప్పా, పిల్లలు లొల్లి చేస్తుండ్రు. ఇనిపిస్తలేదా?" అన్నాడు.

తిమ్మప్ప లేచి నిలబడ్డాడు గానీ, చోటు వదల్లేదు.

"ఇనిపిస్తుంది సార్. నేను హాజరుల ఉన్న."