తలుపేసుకున్న మర్యాద

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా నంద్యాల పెద్దమనుషులకు ఉన్నట్టుండి తెల్లవెంట్రుకలు బరువైపోయాయి. అర్జీ పట్టుకుని మంత్రి ముందు నిలబడాలంటే మీసం నల్లగా ఉండాలట. ఎండలో నెరిసిన తలను దాచుకోవడానికి వాళ్లు పడే తిప్పలు చూసి నేను నవ్వుకునేవాణ్ని. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. వాళ్లకు రంగు వేసేవాడు మా అన్న.

మాది ఆళ్లగడ్డ. మా నాయన కత్తుల పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అరుగుల మీద క్షవరాలు చేసేవాడు. అన్నకు అది నచ్చలేదు. నంద్యాలలో గది బాడుగకు తీసుకుని సెలూను పెట్టాడు. రెండో కుర్చీ నాది. గదికి ముందు ఒక తలుపు, వెనక ఒక కిటికీ. కర్నూలు నుంచి మనిషెత్తు అద్దం తెచ్చి, వేరే గోడ చాలక, ఆ కిటికీ మీదే మేకులు కొట్టించాడు. అద్దం చూడడానికే జనం వచ్చారు. గాలి సంగతి ఎవరిక్కావాలి?

రంగుకు వచ్చిన పెద్దమనిషి కుర్చీ ఎక్కకముందే వీధి వైపు దొంగచూపు చూసేవాడు.

"తలుపెయ్ అన్నా, ఎవురన్నా చూస్తారు."

చూసేవాడు ఒకడు తగ్గుతాడని నన్ను కూడా బయటికి పంపేవారు. లోపల మూలన వేడినీళ్లకు కిరసనాయిలు స్టౌ, కుర్చీలో ఆయన చుట్ట, గిన్నెలో ముక్కు అదిరే రంగు, పైన పౌడరు దుమ్ము. అది చాలనట్టు, వాసన పోవడానికని అన్న సాంబ్రాణి వేసేవాడు! పొగకు పొగే మందట. ఇంత తెలివి మా వంశంలో అంతకుముందు ఎవరికీ లేదు. గంటకు పెద్దమనిషి ముక్కు మూసుకుని బయటపడేవాడు. అన్న ఇంకొకరిని కూర్చోబెట్టుకుని మళ్లీ తలుపు వేసేవాడు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. రంగు పిచ్చి మాత్రం నంద్యాలలోనే ఉండిపోయింది. అప్పటికే అన్నకు దగ్గు పట్టుకుంది. బీడీ కూడా ముట్టని మనిషి పాణ్యం దాకా వినబడేట్టు దగ్గేవాడు. డాక్టరు ఛాతీ పరీక్షించి, ఆ గదిలో ఇంకో ఏడాది పనిచేస్తే బతకడని, గాలి తగిలే చోట చేసుకోమని చెప్పాడు.

"అద్దం పీకేసి కిటికీ తీద్దామన్నా" అన్నాను.

"ఎనక సందులో జనమంతా చూస్తాంటే రంగుకు ఎవురొస్తార్రా?" అని కసిరాడు.

చివరికి వదిన ఏడ్చి మొత్తుకుని అతన్ని ఆళ్లగడ్డకు లాక్కొచ్చింది. నేనూ షాపుకు తాళమేసి వచ్చాను. అన్న నాయన పొది తీసుకుని అరుగులు ఎక్కాడు. రెండు నెలల్లో దగ్గు తగ్గింది, నిద్ర పట్టింది, ముఖాన రక్తం కనబడింది. వదిన కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

ఒకరోజు ఇంటికి వచ్చి పొది మూలన పెట్టాడు. "పొద్దున బస్సుకు నంద్యాలకు పోతాండా" అన్నాడు.

"సచ్చిపోతావన్నా! డాక్టరు చెప్పింది ఇనల్యా?"

"ఇన్న్యా. ఈడ పిల్లోళ్లు గూడా నన్ను ఒరే అంటాండారు. నాయన ముసలోడయ్యేదాకా అట్లే పిలిపించుకున్యాడు. ఆడ కుర్చీలో కూర్చున్నోడు ఎంతోడైనా, అన్నా అంటాడు. ఆ మాట ఇడిసి నేనుండలేను రా."

ఆ పిలుపు తలుపు వేసి ఉన్నంతసేపేనని అతనికీ తెలుసు. వీధిలో ఎదురుపడితే అవే నల్లమీసాలు ముఖం తిప్పుకుని పోయేవి, పని పడితే ఒరే అనేవి. అయినా ఆ గంటసేపు మర్యాద కోసం అన్న తన ఊపిరి ఇచ్చేశాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ పెద్దమనుషులంటే మాత్రం ఇప్పటికీ అసహ్యమే. వెంట్రుక నెరిస్తే సిగ్గుపడి చచ్చినవాళ్లకు, సాటిమనిషిని ఒరే అనడానికి ఏ సిగ్గూ అడ్డం రాలేదు.

అన్న వెనకే మేమూ నంద్యాల చేరి షాపు తెరిచాం. డాక్టరు చెప్పిన ఏడాది కూడా పట్టలేదు. అన్న పోయిన మూడో రోజు వాళ్లలో ఒకాయన మా గడప ముందుకు వచ్చాడు. పరామర్శకు వచ్చాడనుకుని వదిన లేచి నిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు. తెలుపు కనబడకుండా తలమీది తుండుగుడ్డ కిందికి లాక్కుని నన్ను పిలిచాడు.

"ఒరే, షాపు ఎప్పుడు తీస్తావ్?"