చల్లని ఇల్లు

మా మామయ్య గోడలకు రంగులు వేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. గోడ మీద అరచెయ్యి ఆనించి, లోపల నీళ్ళు ఎక్కడ దాక్కున్నాయో చెప్పేస్తాడు. అంతటి పనిమంతుడు ఆ విద్యను దేనికి వాడాడో తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయనకు పని ఇచ్చేది పదకొండిళ్ళాయన. అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఒక ఇంట్లో తానుంటాడు, మిగతా పదీ అద్దెకిస్తాడు. "పదిమందికి నీడ ఇస్తున్నా, ఇది సేవయ్యా" అంటాడు సిగ్గు లేకుండా. ఆ పదిళ్ళకూ చెమ్మే. కారే పైపు మార్చడు, మనుషుల్ని మారుస్తాడు. ఒకరు ఖాళీ చేయగానే మామయ్య వెళ్ళి మరకలు గీకి, గుంతలు పూడ్చే లప్పం పట్టించి, తెలుపులో చిటికెడు నీలం కలిపి రెండు పూతలు వేస్తాడు. పసుపు మరకను ఆ నీలం మింగేస్తుంది. నాలుగు నెలలకు గోడ మళ్ళీ ఉబ్బి బూజు పడుతుంది. అప్పుడు పదకొండిళ్ళాయన, "బట్టలు ఇంట్లో ఆరేసుకుంటే ఇంతే మరి" అని అద్దెవాళ్ళనే దులిపేస్తాడు. పక్కన నిలబడి మామయ్య తలూపుతాడు.

చెమ్మ అని ఇద్దరూ పొరపాటున కూడా అనరు. చల్లగా ఉంటుంది అంటారు. ఇదంతా మామయ్య మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, మాకు తర్వాతే తెలిసింది.

అమ్మకు ఆయాసం. మూడో అంతస్తు మెట్లెక్కలేక కింది ఇల్లు వెతుకుతున్నాం. పని మానుకుని మా వెంట తిరుగుతాడని మామయ్యకు చెప్పకుండా బ్రోకరుతో వెళ్ళాం. చూస్తే అక్కడ మామయ్యే గుమ్మానికి రంగు వేస్తున్నాడు. ఇల్లు చూపించడానికొచ్చిన పదకొండిళ్ళాయనకు మేమెవరమో తెలియదు.

"గోడలు చూడండమ్మా, అద్దాల్లా ఉన్నాయి. కావాలంటే ఈయన్నే అడగండి."

అమ్మ నవ్వింది. "ఏం అన్నయ్యా, నాకు సరిపోతుందా?"

"చల్లగా ఉంటుందమ్మా," అన్నాడు మామయ్య.

ఆలోచించి అన్న మాట కాదు. నోటికి అలవాటై జారిపోయింది, సొంత చెల్లెలి దగ్గర. మరుక్షణం ఆయన ముఖం పాలిపోయింది. కుంచె కింద పెట్టి, గీకే రేకు తీసి గోడలో గుచ్చాడు. అరచెయ్యంత పెచ్చు ఊడిపడింది. వెనక నల్లటి బూజు, తడి. కంపు గుప్పుమంది.

"చల్లదనమంటే ఇదీ. వద్దమ్మా, నీకు ఊపిరాడదు."

పదకొండిళ్ళాయనకు కోపం కూడా రాలేదు. గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి ఇంకొకరొస్తున్నారు. ఈలోపు పూసెయ్."

ఛీ అనిపించింది. మామయ్య రేకు తుడుచుకుని మాతో బయటికొచ్చేశాడు. ఆయన్ని మెచ్చుకుందామనే అనుకున్నాను నేను. వీధి చివర అమ్మ ఆగి, ఊపిరి కూడదీసుకుంది.

"వచ్చింది నేను కాకపోతే గీకేవాడివా, అన్నయ్యా?"

మామయ్య గోళ్ళలో ఇరుక్కున్న రంగు గిల్లుకోవడం మొదలుపెట్టాడు.