గుమ్మి ఎవరింట్లది?

నా చిన్నప్పుడు కొత్తవాడలోని మా ఇంట్లో జంఖానాలు నేసే పెద్ద మగ్గం ఉండేది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప దాని మీద పని సాగదు. ఒకవైపు మా బాపు, ఒకవైపు పక్కింటి చాచా. ఇద్దరి పెద్దలూ ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు.

ఒక ఏడాది ఊరేగింపు దగ్గర హిందువులకు, ముస్లింలకు గొడవై రాళ్లు పడ్డాయి. తర్వాత చాచా మగ్గానికి రాలేదు, బాపు పిలవలేదు. చాచా ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ పోతాండని గల్లీలో అనుకున్నారు. బాపు మాత్రం రోజూ అన్నం ముందు కూర్చుని పాత కథే ఎత్తుకునేవాడు. రజాకార్లు ఊరి మీద పడ్డరు, మనోళ్లు వడ్లు పోసే పెద్ద గుమ్మిల దాక్కున్నరు, మిలిట్రీ వచ్చింది, బతికినం. అక్కడితో సరి. వినీ వినీ నాకు విసుగొచ్చింది.

"సగం నేసిన జంఖానా మగ్గం మీదుంది, అది కానిచ్చి ఎటన్న పో బిడ్డా" అని మా నాయనమ్మ చాచాకు కబురు పెట్టింది. వాళ్ల అమ్మను, మేము దాదీ అనే ముసలమ్మను, వెంట తెమ్మంది. ఇద్దరూ వచ్చారు. మగవాళ్లిద్దరూ మొహాలు మాడ్చుకుని నేస్తున్నారు. నాయనమ్మ నూలు చుడుతూ అదే కథ మొదలుపెట్టి, నా వైపు తిరిగింది.

"ఆ గుమ్మి ఎవరింట్లదో ఎన్నడన్న అడిగినవా?"

అడిగాను. దాదీని చూపించింది. బాపు చేతులు ఆగిపోయాయి. నాయనమ్మ మిలిట్రీ వచ్చిన దగ్గర కథ ఆపి, "ఇగ నువ్వు చెప్పక్కా" అంది దాదీతో.

మా కథ అయిపోయే చోటే వాళ్ల కథ మొదలవుతుందని నాకు అప్పుడే తెలిసింది. దాదీ భర్తను ఊరివాళ్లే రజాకారని మిలిట్రీకి పట్టిచ్చారు, ఆయన తిరిగి రాలేదు. అంతవరకు చాచా ఎరిగినదే.

"ఈమె నాకు బొట్టు వెట్టి, మా ఆడబిడ్డ అని చెప్పి, నిన్నూ నన్నూ ఇంట్ల దాచింది. బొట్టు వెట్టుకున్ననని సిగ్గయి నీకు చెప్పలే" అంది దాదీ, నాయనమ్మను చూపిస్తూ కొడుకుతో.

"మేమూ ఎందుకు చెప్పలేదంటే," అంది నాయనమ్మ, "గుమ్మి ముచ్చటొస్తే ఆయన ముచ్చట రావాలె. ఆయనను కాపాడలేకపోతిమి."

చాచా బాపు వైపు చెయ్యి చాపి, "నూలు ఇటియ్యి అన్నా" అన్నాడు. అన్ని రోజులకు అదే మొదటి మాట. బాపు అందించాడు.

తర్వాత అంతా మునుపటిలా అయిందంటే అబద్ధం. పండుగలొస్తే గల్లీ బిగుసుకుపోయేది. కానీ చాచా ఇల్లు ఖాళీ చేయలేదు.

ఇప్పుడు నా మనవలు ఎక్కడో విన్న పాత పగల కథలు తెచ్చి ఆవేశపడతారు. కాదనను, పూర్తిగా వింటాను. అంతా అయ్యాక మాత్రం అడుగుతాను, "గుమ్మి ఎవరింట్లదిరా?" అని.