ఎర్రజెండా పట్టిన మనిషి

పొద్దున ఆరున్నరకు మర్రిగూడలో బస్సెక్కాను. రోడ్డు మీద ప్రమాదం జరిగితే బండ్లను త్వరగా, ఇంకెవరికీ దెబ్బ తగలకుండా ఎలా తీయాలో పోలీసులకు, హోంగార్డులకు, క్రేన్ డ్రైవర్లకు మహబూబ్‌నగర్‌లో ఒకరోజు శిక్షణ పెట్టారు. అక్కడ నన్ను మాట్లాడమని పిలిచారు. మా తమ్ముడు లింగస్వామి క్రేన్ నడిపేవాడు. నిరుడు జడ్చర్ల దగ్గర హైవే మీద బోల్తాపడ్డ ఉల్లిగడ్డ లారీకి గొలుసు కడుతుంటే, వెనక నుంచి ఇంకో లారీ వచ్చి గుద్దింది.

మల్లేపల్లిలో దిగి ఇడ్లీ తిన్నాను. చాలాసేపు నిలబడ్డాక కల్వకుర్తి బస్సు దొరికింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం గనుక సీటు కోసమే తిప్పలు. నా పక్కన ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి పోతున్న ఒక అవ్వ కూర్చుంది.

"నువ్వు గూడ గుడికేనా బిడ్డా?"

"కాదవ్వా, పోలీసోళ్ల కాడికి."

ఆమె కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. బయట వానల్లేక పత్తి చేలు మోకాలెత్తు కూడా లేవలేదు. కల్వకుర్తిలో మళ్లీ బస్సు మారాను. జడ్చర్ల రాగానే కళ్లు మూసుకున్నాను. తమ్ముడు పోయిన చోటు ఏదో నాకెవరూ చూపించలేదు. అందుకే అక్కడ ప్రతి చోటూ అదేననిపిస్తుంది.

పదకొండు దాటాక మహబూబ్‌నగర్ చివర మైదానానికి చేరాను. అక్కడ ఒక పాత లారీని పక్కకు పడేసి ఉంచారు.

"అమ్మా, ముందుగాల మావోళ్లు చేసేది చూడుండ్రి, తర్వాత మీరు చెప్పుండ్రి" అన్నాడు ఎస్సై.

లారీకి బాగా వెనకాల పోలీసు జీపును ఏటవాలుగా నిలిపారు. దానికీ వెనక వరుసగా కోన్లు పెట్టారు. ఒకతను ఎర్రజెండా, విజిల్ పట్టుకుని బండ్లు వచ్చే వైపు నిలబడ్డాడు. "ఈయనకు ఇంకో పని చెప్పొద్దు" అని ఎస్సై గట్టిగా చెప్పాడు.

లారీకి కడుతున్న గొలుసు సరిగా బిగియలేదు. లారీ దగ్గర వంగినతను "జర పట్టుండ్రి!" అని అరిచాడు. జెండా పట్టుకున్నతను దాన్ని చంకలో పెట్టుకుని అటు ఉరికాడు.

"ఓ అన్నా, నువ్వు రాకు! అటు సూడు!"

ఆ అరుపు నాదేనని తర్వాత గానీ తెలియలేదు. అందరూ ఆగిపోయారు. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "మా తమ్ముడు సచ్చినప్పుడు గూడ గిట్లనే జెండాకాడ ఎవ్వరూ లేకుండె" అని మాత్రం చెప్పి కూర్చున్నాను.

ఎస్సై అంతా మొదటినుంచి మళ్లీ చేయించాడు. ఈసారి ఎంత పిలిచినా జెండా మనిషి కదల్లేదు.

మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు పెట్టారు. నడివయసు హోంగార్డు ఒకతను పళ్లెం పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"అక్కా, ఆ దినం జెండా నాదే."

చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాను. "మరెందుకు ఇడిచిపెట్టి పోయినవ్?"

"లింగస్వామే పిలిచిండక్కా. గొలుసు జారుతాంది, జర ఒక చెయ్యెయ్యన్నా అన్నడు. గింతసేపే గదా అని పోయిన."

అతని పళ్లెంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. నీళ్ల సీసా అతని వైపు జరిపాను.

నాలుగింటికి తిరుగు బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రోడ్డు మీద ఎర్ర కోన్లు కనిపిస్తే బండి నెమ్మది చేయండి. వాటి అవతల ఎవరో మీకు వీపు పెట్టి వంగి ఉంటారు.

కల్వకుర్తిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. జెండా వదిలేసిన మనిషిని ఏడాదిగా ఆమె తిట్టని రోజు లేదు. దాచాలనిపించలేదు. విన్నదంతా చెప్పాను.

"గాయిన ఇంకా గదే పని చేస్తుండా?"

"చేస్తుండమ్మా."

"రోడ్డు మీద పైలంగుండమని చెప్పకపోయినవా?"

చెప్పలేదన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది.

బస్సులో లైట్లు వేశారు. పొద్దున బయల్దేరినప్పుడు, తిట్టుకోవడానికి మాకొక మనిషైనా ఉన్నాడు. ఇప్పుడు అతనూ లేడు. తమ్ముడు లేడన్న సంగతి ఒక్కటే మిగిలింది.