తొమాసా బిగించిన పట్టీ

తొమాసా గురించి చెప్పాలంటే ముందు దాని చేతుల గురించి చెప్పాలి. మా పలెంకే ఊళ్ళో కొబ్బరి కోరని ఆడది లేదు, జడలు అల్లని ఆడదీ లేదు. అయినా తొమాసా అల్లిక వేరు. సన్నటి జడలు తలకి అంటుకుని, వంకర్లు తిరుగుతూ వెళ్ళి నడినెత్తిన ముడిగా కూర్చుంటాయి. ఎన్నాళ్ళైనా ఒక్క వెంట్రుక లేవదు. ఎలా లేస్తుంది? అంతలా లాగి కడుతుంది మరి. దాని మోకాళ్ళ మధ్య కూర్చున్న పిల్లకి కనుబొమ్మలు నుదుటి మీదకి ఎక్కాల్సిందే. "అబ్బా" అందో, నెత్తిన దువ్వెనతో ఒకటి పడేది. మా అందరి ఇళ్ళలోనూ అంతే. జడలు వేయించుకుంటూ ఏడ్చే పిల్లని వీధంతా వెక్కిరిస్తుంది. తొమాసా కూతురు నెర్లిస్ మాత్రం పాలపళ్ళ నాటి నుంచే కిక్కురుమనేది కాదు. తల్లికి అదొక గొప్ప.

తొమాసా పొద్దున్నే నెత్తిన చుట్టకుదురు, దాని మీద బేసిన్ నిండా కొబ్బరుండలు పెట్టుకుని అమ్మకానికి కార్తహేనా పట్నం బస్సెక్కేది. సాయంత్రం దిగేసరికి కూతురు ఇంట్లో ఉండేది కాదు. వాళ్ళ పిన్ని బెనీతా ఇంటి పెరట్లో ఉండేది.

బెనీతా తొమాసాకి సొంత చెల్లెలే. దాని మొగుడు ఫెర్మీన్ బాక్సింగ్ ఆడేవాడు. ప్రతి పోటీకీ ఆయన చేతులకి గుడ్డపట్టీ చుట్టింది బెనీతాయే. ఆయన పోయాక కూడా, ఆయన గుద్దుతూ సాధన చేసిన చింకిగుడ్డల బస్తా పెరట్లో దూలానికి అలాగే వేలాడింది. నెర్లిస్‌తో సహా వీధిలో పిల్లలు వచ్చి గుద్దేవాళ్ళు. ఉత్త చేతుల్తో ఎవర్నీ దాని దగ్గరికి పోనిచ్చేది కాదు బెనీతా. స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పట్టీ కొస బొటనవేలికి ఉంగరంలా తగిలించి, మణికట్టు చుట్టూ, వేళ్ళ సందుల్లోంచి, పిడికిలి ఎముకల మీదుగా నిదానంగా చుట్టేది.

తొమాసా ఆ పెరటిని ఆనుకున్న మా కంచె దగ్గర నిలబడి అదంతా చూసేది.

"చూశావా అత్తా? నా కూతురు చెయ్యి ఎంతసేపు పట్టుకుంటుందో! పెళ్ళికూతురికి గాజులు తొడుగుతున్నట్టు."

"నీకూ తొడగమను, పో," అన్నాను.

"నాకెవరు తొడుగుతారు? నేను కొబ్బరి కోరుకోవాలి. నా కూతురు నాతో నాలుగు మాటలు మాట్లాడదు, దానితో కిలకిలలే."

అంతవరకైతే పోనీ అనుకోవచ్చు. అక్టోబరులో డప్పుల పండగకి బడి ముందు మైదానంలో నెర్లిస్ మొదటి బాక్సింగ్ పోటీ ఆడాలని ఖాయమైంది. తలకి తొడిగే తోలు టోపీ తెచ్చి చూస్తే, తొమాసా వేసిన ముడి మీద అది కూర్చోలేదు. బెనీతా ఆ ముడి విప్పేసి, జడలు వెనక్కి చదునుగా అల్లింది.

ఇంక చూడండి. బస్సు దిగిన తొమాసా కూతురి తల చూసింది. బేసిన్ నా గుమ్మంలోనే పడేసి చెల్లెలి పెరట్లోకి వెళ్ళింది.

"నా పిల్ల తల మీద చెయ్యెందుకు వేశావే?"

"టోపీ పట్టలేదక్కా."

"టోపీ పట్టకపోతే టోపీని కోసుకో! నీకు కడుపు పండలేదని నా కడుపులోది లాక్కుంటావా?"

బెనీతా ముఖం వాడిపోయింది. తొమాసా మేకుకి వేలాడుతున్న పట్టీలు లాక్కుని, "రేపట్నుంచి నేనే కడతాను. ఇన్ని జడలు అల్లిన చేతికి ఈ గుడ్డ ఒక లెక్కా?" అంది.

మర్నాడు అమ్మకానికి పోలేదు. చెల్లెలి పెరట్లోనే కూతుర్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. వేళ్ళు దగ్గరికి చేర్చి, జడపాయలు లాగినట్టే ప్రతి చుట్టూ లాగి లాగి కట్టింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ముడత లేదు. నెర్లిస్ పళ్ళు బిగించుకుని కూర్చుంది. తల్లి మోకాళ్ళ మధ్య నొప్పి అనకూడదని దానికి తెలుసు కదా.

బస్తా ముందు నిలబడి రెండు మెల్లగా గుద్దింది, మూడోది గట్టిగా. అప్పటికే చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. పిడికిలి మూసుకుందో లేదో దానికే తెలియలేదు. మణికట్టు లోపలికి మడతపడింది. పిల్ల కూలబడిపోయింది.

బెనీతా పరిగెత్తుకొచ్చి పట్టీ విప్పింది. వేళ్ళు నేరేడుపళ్ళలా ఉన్నాయి.

"నొప్పని చెప్పొచ్చు కదే!" తొమాసా అరిచింది.

"నువ్వు చెప్పనిస్తావా అమ్మా?"

"మరి పిన్నికి చెప్తావా?"

"పిన్ని అడుగుతుంది."

ఎముక విరగలేదు, బెణికింది. పండగలోపు నయమవుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కూతురి చేతికి ఆకుపసరు కడుతూ ఇంట్లోనే ఉండిపోయింది తొమాసా. కానీ దానికి నిద్రపట్టనివ్వనిది ఆ చెయ్యి ఒక్కటే కాదు, పిల్ల అన్న ఆ మాట కూడా.

కొన్నాళ్ళకి తనే చెల్లెలి గుమ్మం ఎక్కింది. క్షమించమనే రకమా అది!

"ఏదీ, ఆ గుడ్డ ఎలా చుడతావో చూపించు. నీ చేతి మీదే నేర్చుకుంటాను."

బెనీతా చెయ్యి చాపింది. తొమాసా ఒక చుట్టు లాగిందో లేదో, బెనీతా వీధంతా వినబడేలా, "అమ్మో, చచ్చాను!" అని కేకపెట్టింది.

"నీకు చిన్నప్పట్నుంచీ ఓర్పు లేదు."

"ఓర్చుకున్నదాని చెయ్యి చూశావుగా. వేళ్ళు విప్పనివ్వక్కా. ఇప్పుడు పిడికిలి పడుతుందా? పట్టాలి. పిడికిలి విప్పితే గోళ్ళు తెల్లబడకూడదు. ముందు అడుగు, తర్వాత చుట్టు."

పండగనాటికి నెర్లిస్ చెయ్యి కుదుటపడింది. కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, కుడిచెయ్యి బెనీతా, ఎడమచెయ్యి తొమాసా పట్టుకున్నారు. జడలు మాత్రం తొమాసాయే అల్లింది, చదునుగా. సగం చుట్టాక తొమాసా ఆగింది. గొంతు సవరించుకుంది.

"నొప్పా?"

"కొంచెం, అమ్మా."

ఆ మాట వినగానే దువ్వెనకోసం వెతుక్కుంటుందేమో అనుకున్నాను. లేదు. మొత్తం విప్పేసి మళ్ళీ మొదట్నుంచి చుట్టింది. బెనీతా అప్పటికే తన వంతు కుడిచెయ్యి ముగించి, ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"త్వరగా కట్టానని మిడిసిపడకు," అంది తొమాసా. తర్వాత కూతురి చెవి దగ్గరకి వంగి, "నేను కట్టిన ఎడమచెయ్యే ఎక్కువ వాడాలి సుమా," అంది.