ఎర్ర గుడ్డ దించకముందే

మా ఆఫీసు లిఫ్టుకు మెకానిక్ నూనె పెట్టి వెళ్లిన రోజున నేను మెట్లెక్కే వెళ్తాను. ఆ నూనెది మా చిన్నాయన తుపాకీ వాసన.

తొంభైల చివర, హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్న కాలంలో, మేము కర్నూలు నుంచి వచ్చి మాదాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. సైన్యంలో పనిచేసి వచ్చిన చిన్నాయనకు లైసెన్సున్న చిన్న రైఫిలు ఉండేది. దసరా వెళ్లి సీతాఫలాలు కళ్లు విచ్చే రోజుల్లో, ఆదివారం పొద్దున్నే అమ్మ కట్టిచ్చిన ఉగ్గాణీ మిరపకాయ బజ్జీలూ పట్టుకుని, నార్సింగి వైపు గుట్టల్లోకి ఆయన వెనకే అక్కా నేనూ నడిచేవాళ్లం. పల్లానికి అవతల, నిలువెత్తు బండ ముందు, పాత దోసె పెనాన్ని తీగతో వేలాడదీసేవాడు. అంత దూరానికి అది రేగుపండంత కనిపించేది. ఆ చిన్న గుండు గాలి కాస్త వీచినా పక్కకు పోతుందని, చిన్నాయన గడ్డి ఎటు వంగుతోందో చూసి చెప్పేవాడు. తగిలితే 'టంగ్'మన్న చప్పుడు కాస్త ఆలస్యంగా వచ్చేది.

ఆ ఆదివారం అక్కకు పరీక్ష. వరుసగా మూడు తగిలితేనే రాష్ట్ర జట్టు ఎంపికకు తీసుకెళ్తానన్నాడు చిన్నాయన. ఆడపిల్లకు తుపాకీ ఏమిటని నాన్న అప్పటికే ముఖం ముడుచుకుని ఉన్నాడు, ఒక్కటి తప్పినా ఇక ఆ ఊసెత్తడానికి లేదు. ఎప్పటిలాగే పెనం పక్క బండ మీద చిన్నాయన ఎర్ర గుడ్డ కట్టి వచ్చాడు. అది ఉన్నంతసేపూ అటు ఎవరూ రాకూడదన్నది సైన్యంలో ఆయన నేర్చిన పద్ధతి.

మొదటిది తగిలింది. రెండోదీ తగిలింది. చిన్నాయన గడ్డినే చూస్తున్నాడు, అక్క చెంప తుపాకీకి ఆనించి ఊపిరి బిగబట్టింది. బైనాక్యులర్‌లో చూస్తున్న నాకు పెనం వెనక బండ చాటు నుంచి ఒక ఆడమనిషి బుట్టతో లేచి ఇవతలికి రావడం కనిపించింది. బైనాక్యులర్ దించి అక్క వైపు తిరిగాను.

తుపాకీ పేలలేదు. అక్క గుండు బయటికి లాగేసి, "చిన్నాయనా, ఆడ ఎవరో ఉండారు" అంది.

పడుతూ లేస్తూ పరుగెత్తాం. ఆమె పక్క క్వారీలో రాళ్లు కొట్టే మనిషి, సీతాఫలాలు ఏరుకోవడానికి వచ్చిందట.

"ఎర్ర గుడ్డ చూళ్లేదామ్మా?" అన్నాడు చిన్నాయన.

"చూసిన సారూ, గందుకే బండ చాటుకు కూసున్న. పేలినయ్ గదా, ఇగ ఫికర్ లేదని లేసిన."

క్వారీలో ఎర్ర గుడ్డ కట్టాక మందు పేలుస్తారు, పేలిన చప్పుడు వినగానే అందరూ మళ్లీ పనిలోకి వస్తారు. ఆమెకు తెలిసిన పద్ధతి అదే. తనకేం తప్పిందో తెలియక, అక్క చేతిలో రెండు పళ్లు పెట్టి వెళ్లిపోయింది.

చిన్నాయన ఆ బండ మీదే కూలబడ్డాడు. "మూడోది కాల్చేదా?" అని అక్క మెల్లగా అడిగింది. "వద్దు పాపా" అన్నాడు. మర్నాడే తుపాకీ పోలీస్ స్టేషన్లో అప్పగించాడు. ఎంపిక మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఏ తప్పూ చేయని అక్కకే శిక్ష పడిందని నాకు ఇప్పటికీ మంటే.

ఆ గుట్టను ఎప్పుడో పేల్చేశారు. పల్లం పూడ్చారు, అద్దాల మేడలు లేచాయి, సీతాఫలాలు బండ్ల మీదే కనిపిస్తాయి. చిన్నాయనా లేడు. అక్క బాచుపల్లిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. మొన్న కారులో అటుగా పోతూ, "ఆ మూడోది..." అన్నాను.

"తగిలుండేది," అంది అక్క, నన్ను పూర్తి చేయనివ్వకుండానే.