కొత్తపేట లేతుకు మామగారి పరీక్ష

డెబ్బైల చివర్లో రాజోలులో నాకు చిన్న షెడ్డు ఉండేది. పొలాల ఆయిల్ ఇంజన్లు, పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. షాఫ్టు పని వస్తే మాత్రం సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం పట్టుకెళ్ళి, అక్కడ ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషను మీద చేయించుకొచ్చేవాణ్ణి. రోజంతా దానికే పోయేది. అందుకే కొత్తపేటలో ఒక పాత లేతు అమ్మకానికి ఉందని తెలియగానే నాకు మనసు నిలవలేదు.

మా మామగారిని వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన ముప్పై ఏళ్ళు లేతు మీద టర్నరుగా చేసి రిటైరైన మనిషి. చేతిసంచిలో మైక్రోమీటరు, స్క్రూడ్రైవరు, పాత గుడ్డ, సీసాలో కాస్త కిరసనాయిలు తెచ్చుకున్నారు.

లేతు యజమాని పోయి ఏడాదైంది. అమ్ముతున్నది ఆయన భార్య. మాకు మజ్జిగ ఇచ్చి షెడ్డు తలుపు తీసింది. లేతు ఆకుపచ్చ రంగుతో మెరిసిపోతోంది. నాకైతే చూడగానే నచ్చేసింది.

"రంగు ఈమధ్యే వేయించేరా అమ్మా?" అన్నారు మామగారు.

"ఆయ్. మా తమ్ముడు వేయించేడండి. మొన్నొకాయన వచ్చి, పాతినప సామాన్లోకి తప్ప ఎందుకూ పనికిరాదనేసి వెళ్ళేరు."

మామగారు లేతు పొడవునా ఉండే బెడ్డుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, దాని మీద గోటితో అడ్డంగా రాశారు. ఇనపముక్కని పట్టి తిప్పే చక్కు దగ్గర గోరు సన్నటి మెట్టుకి తగిలింది. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. తర్వాత, ఉలిని మోసుకుంటూ బెడ్డు మీద నడిచే కేరేజీని చక్కు దగ్గర ఊగకుండా బిగించి, పిడి తిప్పుతూ అవతలి చివరకు నడపమన్నారు. సగందాకా హాయిగా నడిచి అక్కడ బిగుసుకుపోయింది.

"చూసేరా అల్లుడుగారూ? ఇటు అరిగింది, అటు అరగలేదు. ఇన్నాళ్ళూ పనంతా చక్కు దగ్గరే చేసేరు."

నాకు నీరసం వచ్చింది. ఆయన మాత్రం ఆగలేదు. చక్కులో కర్ర బిగించి పైకెత్తి చూశారు. ఇరుసులో అణువంత కదలిక లేదు. మోటారు వేయించి, స్క్రూడ్రైవరు మొనను గేర్ల పెట్టెకి, పిడిని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నారు. ఎక్కడా గరగర లేదన్నారు. నూనె పోసే బెజ్జాలన్నీ వంగి చూశారు. దుమ్ము పడకుండా ప్రతిదానికీ చెక్కతో చెక్కిన చిన్న బిరడా ఉంది. ఆఖరికి ఒక పొడవాటి కడ్డీ బిగించి, ఈ చివర నుంచి ఆ చివరకు పల్చగా కోత పెట్టారు. మైక్రోమీటరుతో కొలిస్తే చాలామేరకు ఒకే లావుంది. చక్కు వైపు వచ్చేసరికి వెంట్రుకవాసి ఎక్కువైంది.

చేతులు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, మా అల్లుడికి పొడుగు షాఫ్టుల పని. ఆయనకిది పనికిరాదు. కానీ పాతినుమని ఎవరన్నా నమ్మకండి. చిన్న బుష్షులూ పిన్నులూ చేసుకోడానికి ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. మీవారు దీన్ని ఎంత బాగా చూసుకున్నారో, అలా చూసుకున్న మిషను నా సర్వీసులో రెండో మూడో చూసేను."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆ బిరడాలు ఆయనే చెక్కేరండి. నేనే విసుక్కునేదాన్ని, ఇదేం పనని" అంది.

తిరుగు బస్సెక్కాం. అరుగుదల గురించి మాత్రమే చెప్పి ఊరుకుంటే, లేతు తక్కువలో వచ్చేది కదా అని నా బాధ. అది బయటికే అన్నాను.

"అరిగిందని చెప్పినవాణ్ణి, అరగనిది కూడా చెప్పద్దా అండీ?" అన్నారాయన. అందులో కోపం లేదు. నాకు మాత్రం తల దించుకోవాలనిపించింది.

ఆవిడ లేతు అమ్మలేదు. టర్నరుని పెట్టుకుని, కొబ్బరినూనె మిల్లులకు చిన్న సామాన్లు చేయించడం మొదలుపెట్టింది. నా షెడ్డుకు కావలసిన బుష్షులన్నీ నేనూ అక్కడే చేయించాను. మరుసటి ఏడు నేను కాకినాడలో ఇంకో లేతు చూశాను. ఆరోజు మామగారు స్టూలు మీద కూర్చుని, ఒక్క మాటైనా అందించకుండా పరీక్షంతా నా చేతే చేయించారు. ఆ లేతు కొని, దాని మీద పదకొండేళ్ళు పడవ షాఫ్టులు చేశాను.